ముప్పై ఏళ్లు నిండిన సొసైటీ ఇళ్లు: అపోహలు, వాస్తవాలు

తిరుపతిలో హౌసింగ్ సొసైటీల లెక్కలు చూడటం నా పని. ఏ సొసైటీకి వెళ్లినా నగదు పుస్తకం కంటే ముందు సభ్యుల రిజిస్టర్ అడుగుతాను. మొన్న ఒకచోట రిజిస్టర్ తెరిస్తే, 24 పేర్లలో 9 పేర్లు చనిపోయినవాళ్లవి. ఆ ఫ్లాట్లలో కొన్నిట్లో కొడుకులు, కోడళ్లు ఉన్నారు. మిగతావి అద్దెకిచ్చారు, ఒకటి తాళం వేసి ఉంది. మహాజన సభకు కోరం, అంటే సభ చెల్లడానికి కావాల్సిన కనీస హాజరు, ఎక్కడినుంచి వస్తుంది? స్లాబు రిపేరుకు తీర్మానం మీద సంతకం ఎవరు పెడతారు?

ఎనభై, తొంభైల్లో యూనివర్సిటీ, దేవస్థానం, బ్యాంకు ఉద్యోగులు పీఎఫ్ లోన్లు తీసి, చీటీలు పాడి కట్టుకున్న ఇళ్లు ఇవి. కట్టుకున్నవాళ్లకు ఇప్పుడు డెబ్బై దాటింది, బిల్డింగుకు ముప్పై దాటింది. రెండింటినీ ఒకేసారి చూసుకోవాల్సిన సమయంలో, నేను ఎక్కడికి వెళ్లినా వినపడే మాటలు కొన్ని ఉన్నాయి. వాటి గురించే ఇది.

అపోహ: "పెచ్చులే కదా ఊడింది, మేస్త్రిని పిలిచి సిమెంటు పూయిస్తే సరిపోతుంది."

పెచ్చు ఊడిందంటే లోపల కమ్మీ అప్పటికే తుప్పు పట్టిందని అనుకోవాలి. కాంక్రీటులోని క్షారగుణమే కమ్మీకి రక్ష. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ ఏళ్ల తరబడి లోపలికి దిగి ఆ గుణాన్ని తగ్గిస్తుంది. దానికి చెమ్మ తోడైతే తుప్పు మొదలవుతుంది. తుప్పు అసలు ఇనుముకంటే రెట్టింపుకు పైగా చోటు ఆక్రమిస్తుంది, ఆ ఒత్తిడికే పైన ఉన్న కాంక్రీటు పగిలి పడుతుంది. స్లాబులో కమ్మీ మీద కనీసం 20 మిల్లీమీటర్లు, స్తంభంలో 40 మిల్లీమీటర్లు కాంక్రీటు కప్పు ఉండాలని కాంక్రీటు కట్టడాలకు మన దేశ ప్రమాణమైన ఐఎస్ 456 చెబుతుంది. పాత బిల్డింగుల్లో కమ్మీ పెచ్చుకు ఆనుకుని ఉండటం నేను చాలాసార్లు చూశాను.

మీ ఇంట్లో పై ఫ్లాటు బాత్రూం కింద నిలబడి పైకి చూడండి. సున్నం మీద ఇటుక రంగు గీత ఒకటి తిన్నగా కనిపిస్తే, కమ్మీ సరిగ్గా ఆ గీత వెంబడే ఉంది. సుత్తి పిడితో మెల్లగా తట్టండి. గట్టి చోట ఠక్కుమంటుంది, పాడైన చోట డొల్ల శబ్దం వస్తుంది. అక్కడ సిమెంటు పూస్తే తుప్పును లోపల పెట్టి మూత వేసినట్టే. పాడైన కాంక్రీటు చెక్కి, కమ్మీని వెనక వైపు కూడా శుభ్రం చేసి, పూత వేసి, రిపేరు మోర్టార్‌తో నింపాలి. అంతకంటే ముందు పై బాత్రూంలో నీళ్లు కారడం ఆపాలి, మిద్దెకు వాటర్‌ప్రూఫింగ్ చేయించాలి. ఈ వరస తప్పి లక్షలు పోగొట్టుకున్న కమిటీలను చూసి బాధ కలిగింది.

స్తంభాల్లోనే పగుళ్లు ఉంటే మేస్త్రి మాట మీద ఆగకండి. స్ట్రక్చరల్ ఇంజనీరు చేత కాంక్రీటు గట్టిదనం చూసే రీబౌండ్ హ్యామర్, అల్ట్రాసోనిక్ పరీక్షలు, అవసరమైతే కోర్ (కాంక్రీటు ముక్క) తీసి పరీక్ష చేయించండి.

సంపు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. 2021 నవంబరు వానలప్పుడు మన ఎమ్మార్ పల్లి దగ్గర శ్రీకృష్ణా నగర్‌లో భూమిలోని సిమెంటు ఒరల ట్యాంకు పైకి లేచిన సంగతి ఊరందరికీ గుర్తుంది. భయపడి ఏవేవో అనుకున్నారు. భూగర్భ జలం పైకి వచ్చినప్పుడు ఖాళీ ట్యాంకు పడవలా తేలుతుంది, అంతే. పెద్ద వానల తర్వాత వెంటనే సంపు ఖాళీ చేసి కడగకండి. ట్యాంకు నిండుగా ఉంటే ఆ బరువే దాన్ని కిందికి పట్టి ఉంచుతుంది.

అపోహ: "నెల మెయింటెనెన్స్ ఎంత తక్కువైతే కమిటీ అంత మంచిది."

నాకు అన్నిటికంటే కష్టంగా అనిపించేది ఇదే. వాచ్‌మన్ జీతం, మోటారు కరెంటు, మెట్ల లైట్లు, ఇంతవరకే లెక్కేసి నెలకు 800 పెడతారు. లిఫ్టు, పెయింటింగు, మిద్దె, పైపులు ఎప్పుడో ఒకప్పుడు పాడవుతాయని అందరికీ తెలుసు, లెక్కలో మాత్రం ఉండవు.

ఉదాహరణకు 24 ఫ్లాట్ల బిల్డింగుకు పదిహేనేళ్లలో 30 లక్షల పెద్ద రిపేర్లు వస్తాయనుకోండి. ఫ్లాటుకు లక్షా పాతికవేలు. పదిహేనేళ్లు నెలనెలా తీసి పెడితే దాదాపు 700 రూపాయలు. పెన్షన్ మీద బతికే ఇంటికి నెలకు 700 భారమే, కానీ భరించగలరు. ఒక్కసారిగా లక్షా పాతికవేలు తెమ్మంటే ఏం చేస్తారు? అప్పుడే గొడవలు, అప్పుడే కోర్టులు. తొలి పదిహేనేళ్లు ఎవరూ దాచని డబ్బు చివరికి వృద్ధాప్యంలో ఉన్నవాళ్ల మీద పడుతుంది. ఇది నాకు అన్యాయంగానే తోస్తుంది.

"ఎక్కువ కడితే జీఎస్టీ పడుతుంది" అని కొందరు వెనకాడతారు. సభ్యుడికి నెలకు 7,500 వరకు ఉన్న మెయింటెనెన్స్‌కు మినహాయింపు ఉంది. తిరుపతిలో ఆ గీత దాటే సొసైటీ నాకు అరుదుగా తగిలింది.

అపోహ: "నామినీ పేరు రాశాం కదా, ఇంక టెన్షన్ లేదు."

నామినీ అంటే సభ్యుడు పోయాక సొసైటీ ఎవరితో మాట్లాడాలో చెప్పే పేరు. 2016లో పశ్చిమ బెంగాల్ కేసు ఒకదానిలో సుప్రీంకోర్టు, సొసైటీ తన రికార్డులో సభ్యుడి వాటాను నామినీ పేరుకు మార్చాల్సిందేనని చెబుతూనే, వారసులు తమ హక్కు కోసం అడిగే దారిని మూయలేదు. ఇల్లు ఎవరిదన్నది వీలునామా, వారసత్వ చట్టం తేలుస్తాయి. అందుకే నామినేషన్ ఫారం, వీలునామా రెండూ ఉండాలి. రెండింట్లో ఒకే పేరు ఉంటే ఇంకా మంచిది. ఒక అమ్మగారు నా ముందే కూతురి పేరు నామినీగా రాసి, "వీలునామాలో మాత్రం చిన్నోడు ఉన్నాడు నాయనా" అన్నారు. ఆ రోజే కూర్చుని సరిచేసుకోమని చెప్పాను.

ఏటా ఒకసారి, మహాజన సభకు నెల ముందు, ఇంటింటికీ తిరిగి రిజిస్టర్ సరిచూడండి. చనిపోయినవారి స్థానంలో వారసుడిని చేర్చుకోకుండా ఏళ్లు గడిపితే కమిటీ పదవీకాలం ముగిసినా ఎన్నిక జరగదు. చివరికి సహకార శాఖ నుంచి కమిటీ స్థానంలో పర్సన్ ఇన్‌ఛార్జి వస్తారు, సొంత ఇంటి నిర్ణయాలకు ఇంకొకరి సంతకం కోసం తిరగాలి.

అపోహ: "ప్లాట్లు రిజిస్టర్ అయిపోయాయి, ఇక సొసైటీతో పనేముంది?"

స్థలాలు పంచిన సొసైటీల్లో వినపడే మాట ఇది. పార్కు స్థలం, రోడ్డు, మురుగు కాలువ ఎవరు అడుగుతారు? 1964 సహకార చట్టం కింద నమోదై, పనిచేయకుండా ఆగిపోయిన సంఘాన్ని మూసేయించే అధికారం సహకార సంఘాల రిజిస్ట్రార్‌కు ఉంది. సంఘం పోతే వీటిని అడిగేవాళ్లే ఉండరు.

అపోహ: "పెద్దవాళ్లే మిగిలారు, సొసైటీ పని అయిపోయింది."

లిఫ్టు లేని మూడో అంతస్తులో ఒక రిటైర్డ్ మాస్టారు, ఆయన భార్య ఉండేవారు. ఆమెకు మోకాళ్ల నొప్పులు. పొద్దున్నే బాల్కనీ నుంచి తాడుకు కట్టిన ప్లాస్టిక్ బుట్ట కిందికి దిగేది, పాలబ్బాయి రెండు ప్యాకెట్లు వేసి ఊపితే పైకి వెళ్లేది. కూరగాయలూ అలాగే. ఆమె నాలుగు నెలలు గేటు దాటి ఎరగరు. కింది ఫ్లాటులో అద్దెకున్న యువ దంపతులకు పైకి వెళ్లడం కష్టం కాదు. ఆ ఫ్లాటు సభ్యుడు హైదరాబాద్‌లో ఉంటాడు. కమిటీ కూర్చుని మాట్లాడితే మాస్టారు వాళ్లు కిందికి, ఆ జంట పైకి మారారు. అద్దె ఒప్పందాలు రెండు రాసుకున్నారు, యాజమాన్యం జోలికి పోలేదు. ఇప్పుడు ఆమె సాయంత్రం గేటు పక్కన అరుగు మీద కూర్చుంటారు.

స్విట్జర్లాండులోని జ్యూరిక్ సహకార గృహాల్లో పిల్లలు వెళ్లిపోయాక పెద్ద ఇల్లు వదిలి అదే సంఘంలో చిన్న ఇంటికి మారే పద్ధతి ఉంది. అక్కడ ఇళ్లు సంఘానివే కాబట్టి అది సులువు. మన దగ్గర ఫ్లాట్లు ఎవరికి వారికి రిజిస్టర్ అయి ఉంటాయి కనుక నచ్చజెప్పి, ఒప్పించి చేయాలి. చేయవచ్చు మాత్రం.

యువకుల్ని "కమిటీలోకి రండి" అని ఊరికే పిలిస్తే రారు. బెంగళూరులో ఉద్యోగం చేసే కొడుక్కి టెండర్ కొటేషన్లు పోల్చే పని ఇవ్వండి, కోడలికి వాట్సాప్‌లో లెక్కలు పెట్టే పని ఇవ్వండి. పని చేతికిస్తే వస్తారు.

అపోహ: "బిల్డర్‌కిచ్చి కొత్తది కట్టిస్తే అన్నీ తీరతాయి."

కొన్నిచోట్ల తీరతాయి. ఎన్ని అంతస్తులు వస్తాయన్నది స్థలం విస్తీర్ణం, ముందున్న రోడ్డు వెడల్పు మీద ఆధారపడుతుంది. కొర్లగుంట లాంటి ఇరుకు వీధుల్లో అదనపు ఫ్లాట్లకు చోటే దొరకకపోవచ్చు. అప్పుడు బిల్డర్‌కు లాభం ఎక్కడినుంచి వస్తుంది? మీ అవిభక్త వాటా నుంచి, అంటే స్థలంలో ఒక్కో ఫ్లాటుకు ఉన్న ఉమ్మడి భాగం నుంచి. కట్టే రెండు మూడేళ్లు డెబ్బై ఐదేళ్లవాళ్లు ఎక్కడ అద్దెకుంటారు, అద్దె ఎవరిస్తారు, ఆ మధ్యలో ఎవరైనా పోతే ఫ్లాటు ఎవరి పేరున వస్తుంది, ఇవన్నీ ఒప్పందంలో రాయించాలి. సంతకానికి ముందు సొసైటీ తన సొంత ఇంజనీరుకు, సొంత లాయరుకు ఫీజు ఇచ్చి చూపించుకోవాలి. బిల్డర్ పెట్టిన లాయరు మీ లాయరు కాదు.

నిలబడగల బిల్డింగు అయితే నేను రిపేరుకే ఓటేస్తాను. మిద్దె వాటర్‌ప్రూఫింగ్ అయ్యాక సోలార్ పెట్టండి, ముందు కాదు. పీఎం సూర్యఘర్ పథకంలో ఉమ్మడి అవసరాలకు హౌసింగ్ సొసైటీలకు కిలోవాట్‌కు 18,000 రూపాయల సబ్సిడీ ఉంది. మోటారు, మెట్ల లైట్ల బిల్లులో మిగిలేది నేరుగా రిపేరు నిధిలో వేయమని తీర్మానం రాయించుకోండి. ఆ తీర్మానం చదివి వినిపించే బాధ్యత ఈసారి చిన్నవాళ్లలో ఒకరికి ఇవ్వండి.