వైడ్ స్ట్రింగ్ డీబగ్గర్‌లో గందరగోళంగా కనిపిస్తోందా? కొన్ని అపోహలు - వాస్తవాలు

సీ, సీ ప్లస్ ప్లస్‌లో తెలుగు వైడ్ స్ట్రింగులతో (ఒక్కో అక్షరానికి ఒకటి కంటే ఎక్కువ బైట్లు కేటాయించే అక్షరాల వరుసలతో) పనిచేసేవాళ్ల దగ్గర తరచూ వినే మాట, "కంపైలర్ నా స్ట్రింగ్‌ని పాడు చేసింది" అని. చాలాసార్లు మెమరీలో స్ట్రింగ్ నిక్షేపంగా ఉంటుంది, దాన్ని తెర మీద చూపించే దగ్గరే తేడా వస్తుంది. అది చూసుకోకుండా కోడ్ మార్చేస్తే బాగున్నది కాస్తా చెడుతుంది.

అపోహ: అసెంబ్లీలో డాలర్ గుర్తులు కనిపిస్తే ఎన్‌కోడింగ్ పోయినట్టే.

లినక్స్‌లో "తెలుగు" అని వైడ్ లిటరల్ (కోడ్‌లో నేరుగా రాసే వైడ్ స్ట్రింగ్) రాసి, జీసీసీ కంపైలర్‌తో అసెంబ్లీ (మెషీన్ కోడ్‌కి మనం చదవగలిగే రూపం) తీసి చూడండి. ఒక డాలర్, ఒక ఎఫ్, ఒక 2, ఒక ఏ, మధ్యమధ్యలో ఖాళీ స్ట్రింగులు, ఎస్కేపులు... చూడగానే టెన్షన్ వస్తుంది. కానీ ఒక్కసారి లెక్క కట్టండి. 'త' కోడ్ పాయింట్ (యూనికోడ్‌లో దాని సంఖ్య) హెక్స్‌లో 0సీ24, లిటిల్ ఎండియన్ (చివరి బైట్‌ని ముందు దాచే) మెషీన్‌లో ముందు 24 బైట్ వస్తుంది, ఆస్కీలో 24 అంటే డాలర్. ఎత్వం 0సీ46, అందులో 46 అంటే ఎఫ్. 'ల' 0సీ32, 32 అంటే 2 అంకె. కొమ్ము 0సీ41, అంటే ఏ. 0సీ బైట్లే ఆ ఎస్కేపులు, సున్నా బైట్లే ఆ ఖాళీ స్ట్రింగులు. ఒక్క బైట్ కూడా పోలేదు! అదే కోడ్‌ని క్లాంగ్ అనే ఇంకో కంపైలర్‌కి ఇస్తే 3108, 3142, 3122 అంటూ నేరుగా సంఖ్యలే రాస్తుంది, సరిచూసుకోవడానికి నాకైతే అదే హాయి.

అపోహ: వైడ్ క్యారెక్టర్ ఎక్కడైనా రెండు బైట్లే.

విండోస్‌లో 2, లినక్స్‌లో మామూలుగా 4. "తెలుగు"లో కోడ్ పాయింట్లు 6, స్ట్రింగ్ ముగిసిందని చెప్పే చివరి సున్నా, అంటే నల్‌తో కలిపి అక్కడ 14 బైట్లు, ఇక్కడ 28. లినక్స్‌లో జీడీబీ అనే డీబగ్గర్‌తో మెమరీని స్ట్రింగ్‌గా చూసేటప్పుడు సైజు డబ్ల్యూ (4 బైట్లు) బదులు హెచ్ (2 బైట్లు) ఇచ్చారనుకోండి, 'త' ఒక్కటే చూపించి ఆగిపోతుంది, ఎందుకంటే దాని పక్కనున్న రెండు సున్నా బైట్లని అది నల్ అనుకుంటుంది.

అపోహ: జీడీబీకి వైడ్ స్ట్రింగులు చదవడం రాదు.

2009లో వచ్చిన 7.0 నుంచే వచ్చు. అయితే అది టైపు చూసి నడుచుకుంటుంది. మీ ప్రాజెక్టులో అన్‌సైన్డ్ షార్ట్‌కి సొంత పేరు పెట్టుకుని దాంట్లో అక్షరాలు దాచుకుంటే, అవి అక్షరాలని జీడీబీకి ఎలా తెలుస్తుంది? సంఖ్యలే చూపిస్తుంది. దాని బదులు చార్16_టీ (16 బిట్ల అక్షరాల కోసమే ఉన్న టైపు) వాడండి, ఈ గొడవ ఉండదు. ఇంకోటి, పొడవాటి స్ట్రింగ్ చివర చుక్కలు వస్తే డేటా తెగిపోయినట్టు కాదు, డిఫాల్ట్‌గా 200 అక్షరాల దగ్గర ఆపేస్తుంది, ప్రింట్ ఎలిమెంట్స్ సెట్టింగ్ పెంచుకోండి.

అపోహ: విండోస్‌లో డీబగ్గర్‌కి సందేశం పంపే అవుట్‌పుట్‌డీబగ్‌స్ట్రింగ్ డబ్ల్యూ ఫంక్షన్ వాడాం కాబట్టి తెలుగు అలాగే వస్తుంది.

పేరులో డబ్ల్యూ ఉన్నా అది లోపల స్ట్రింగ్‌ని సిస్టమ్ కోడ్ పేజీలోకి (యూనికోడ్ కాని పాత అక్షరాల పట్టికలోకి) మార్చి పంపుతుంది, అందులో తెలుగు లేకపోతే ప్రశ్నార్థకాలు వస్తాయి. విండోస్ 10 నుంచి యూనికోడ్‌గానే అందుకునే వీలుంది, కానీ డీబగ్గర్ ప్రత్యేకంగా అడగాలి.

అపోహ: సరే, అయితే కంపైలర్ తప్పు ఎప్పుడూ ఉండదు.

ఉంటుంది. బామ్ (ఫైలు మొదట్లో ఎన్‌కోడింగ్ తెలిపే గుర్తు) లేని యూటీఎఫ్-8 ఫైలుని విజువల్ సీ ప్లస్ ప్లస్ కంపైలర్ సిస్టమ్ కోడ్ పేజీలో ఉందనుకుని చదువుతుంది. అది 1252 (పశ్చిమ ఐరోపా భాషల కోడ్ పేజీ) అయితే 'త' ఒక్కటే మూడు అక్షరాలైపోతుంది. మెమరీలో 3108 ఉండాల్సిన చోట 224, 176, 164 కనిపిస్తే స్ట్రింగ్ నిజంగానే చెడిందని అర్థం, ఇక డీబగ్గర్ సెట్టింగులు ఎన్ని మార్చినా లాభం లేదు, స్లాష్ యూటీఎఫ్-8 ఆప్షన్ పెట్టి మళ్లీ కంపైల్ చేయాల్సిందే.