యూనిఫాం విప్పిన సేనాని: బర్మా ఇంకా తేల్చుకోని ఆంగ్ సాన్ వారసత్వం

మార్చి 27 మయన్మార్‌లో, అంటే ఒకప్పటి బర్మాలో, సైనిక దినోత్సవం. రాజధాని నేపిడాలో ట్యాంకులు కదులుతాయి, ఛాతీ నిండా పతకాలతో జనరల్స్ వేదికెక్కుతారు. 2021లో ఒకపక్క ఆ కవాతు సాగుతుండగానే, ఇంకోపక్క ఊళ్లలో అదే సైన్యం, సైనిక పాలన వద్దన్న జనం మీద కాల్పులు జరిపింది. ఆ ఒక్కరోజే వందమందికి పైగా చనిపోయారు. వాళ్లలో పిల్లలూ ఉన్నారు.

కాల్చినవాళ్లూ, కాల్పులకు ఎదురు నిలిచినవాళ్లూ కూడా తమవాడని చెప్పుకునే మనిషి ఒకరే. ఆయన బోజో ఆంగ్ సాన్. బోజో అంటే సేనాపతి. మనలో చాలామందికి ఆయన ప్రజాస్వామ్య నాయకురాలు ఆంగ్ సాన్ సూకీ తండ్రిగానే తెలుసు. ఆ సైన్యాన్ని పుట్టించింది ఆయనే. యుద్ధం ముగిశాక పెద్ద హోదా ఇస్తామంటే కాదని, యూనిఫాం విప్పేసి రాజకీయాల్లోకి వెళ్లిందీ ఆయనే. మయన్మార్ గొడవ అర్థం కావాలంటే ఈ రెండో సంగతిని గట్టిగా పట్టుకోవాలి. సైన్యం మొదటిదే చెప్పుకుంటుంది.

ఈ కథ మనకు మరీ దూరానిదేం కాదు. ఉత్తరాంధ్ర, గోదావరి జిల్లాల పెద్దవాళ్లు రంగూన్‌ని 'రంగం' అనేవారు. కాకినాడ, విశాఖ, కళింగపట్నం వైపు నుంచి వేలమంది ఓడెక్కి రంగం వెళ్లి రేవులో మూటలు మోశారు, బియ్యం మిల్లుల్లో పనిచేశారు. బర్మావాళ్లు వాళ్లని కొరంగీలు అనేవారు. కాకినాడ పక్కనున్న కోరంగి రేవు పేరే అక్కడ తెలుగువాడి పేరైంది, పోనుపోను అది తిట్టుగా మారింది. 1930 మేలో రంగం రేవులో తెలుగు కూలీలు సమ్మె చేశారు. ఓడల కంపెనీలు వాళ్ల స్థానంలో బర్మా కూలీల్ని దింపాయి. సమ్మె తేలిపోగానే పాతవాళ్లని మళ్లీ పిలిచి, కొత్తవాళ్లని పొమ్మన్నాయి. అక్కడ మొదలైన కొట్లాట ఊరంతా పాకింది. వందమందికి పైగా పోయారు, వాళ్లలో ఎక్కువమంది తెలుగువాళ్లే. ఇద్దరు పేదల మధ్య చిచ్చు పెట్టి లాభం చూసుకున్నవాళ్ల మీద మాత్రం ఈగ వాలలేదు. అప్పటికి రంగం జనాభాలో సగానికి పైగా భారతీయులే. సొంత రాజధానిలో తామే తక్కువైపోయామన్న బాధ బర్మా యువతలో రగులుతున్న రోజులవి.

ఆంగ్ సాన్ 1915 ఫిబ్రవరి 13న మధ్య బర్మాలోని నట్‌మౌక్ అనే చిన్న పట్టణంలో పుట్టారు. తండ్రి వకీలు. బ్రిటిష్‌వాళ్లు ఎగువ బర్మాను ఆక్రమించినప్పుడు ఎదురు తిరిగి ప్రాణం పోగొట్టుకున్న బంధువు కథలు వింటూ పెరిగారు. యెనాంజౌంగ్‌లో జాతీయ పాఠశాల ఉందని తెలిసి, అక్కడికి పంపేదాకా అన్నం ముట్టనని మొండికేసిన పిల్లాడు. పెద్దయ్యాకా ఆ మొండితనం పోలేదు. రంగూన్ విశ్వవిద్యాలయంలో నలిగిన బట్టలతో తిరిగేవారు, ఎవరితోనూ సరిగా మాట్లాడేవారు కారు. సభల్లో వచ్చీరాని ఇంగ్లిష్‌లో మాట్లాడుతుంటే జనం గోల చేసేవారు. ఆయన మాత్రం అనుకున్నదంతా చెప్పాకే కూర్చునేవారు.

1936లో విద్యార్థి సంఘం పత్రికకు సంపాదకుడిగా ఉన్నప్పుడు, ఒక విశ్వవిద్యాలయ అధికారిని ఏకిపారేసిన వ్యాసం వేశారు. రాసిందెవరో చెప్పమంటే చెప్పలేదు. బహిష్కరించారు. దాంతో విద్యార్థులు సమ్మెకు దిగారు, ఆయన పేరు దేశమంతా తెలిసింది. రెండేళ్ల తర్వాత 'దొబామా' అనే బ్రిటిష్ వ్యతిరేక ఉద్యమంలో చేరి థఖిన్ ఆంగ్ సాన్ అయ్యారు. థఖిన్ అంటే దొర. అప్పటిదాకా తెల్లవాళ్లనే అలా పిలవాలి. ఈ దేశానికి దొరలం మేమేనని ఆ కుర్రాళ్లు తమ పేర్లకు ముందు ఆ మాట తగిలించుకున్నారు. 1940 మార్చిలో రామ్‌గఢ్ కాంగ్రెస్ మహాసభకూ వచ్చి వెళ్లారు.

ఆ ఏడాదే అరెస్టు వారెంటు వచ్చింది. ఆగస్టులో ఒక తోడుతో కలిసి దొంగచాటుగా ఓడెక్కి చైనాలోని అమోయ్ చేరారు. అక్కడ జపాన్‌వాళ్లు ఆయన్ని పట్టుకుని టోక్యో తీసుకెళ్లారు. కర్నల్ సుజుకి అనే నిఘా అధికారి ఆయుధాలిస్తాం, శిక్షణ ఇస్తాం అన్నాడు. ఆంగ్ సాన్ సరేనన్నారు. మారువేషంలో బర్మా తిరిగొచ్చి కుర్రాళ్లని పోగుచేశారు. హైనాన్ దీవిలో కఠిన శిక్షణ పొందిన ఆ బృందాన్నే చరిత్ర 'ముప్పైమంది సహచరులు' అంటుంది. 1941 డిసెంబరు చివర్లో బ్యాంకాక్‌లో వాళ్లు తమ చేతుల నుంచి రక్తం తీసి, ఒక గిన్నెలో కలిపి తాగి ప్రమాణం చేశారు. బర్మా స్వాతంత్ర్య సైన్యం అలా పుట్టింది. ఆ గిన్నెలో రక్తం తాగినవాళ్లలో షూ మౌంగ్ అనే ఒకప్పటి తపాలా గుమాస్తా కూడా ఉన్నాడు. అక్కడ అతను పెట్టుకున్న కొత్త పేరు నే విన్. ఆ పేరు మళ్లీ వస్తుంది.

1942 మార్చిలో రంగూన్ జపాన్ చేతికి చిక్కింది. ఆ నెలల్లోనే లక్షలమంది భారతీయులు అరకాన్ కొండల మీదుగా, మణిపూర్ అడవుల గుండా నడిచి ప్రాణాలతో బయటపడ్డారు. దారిలో పోయినవాళ్లకి లెక్కలేదు. తెలుగు కుటుంబాల్లో ఆ నడక కథలు ఇప్పటికీ ఉన్నాయి. కొత్త సైన్యం చేసిన పనుల్ని కూడా దాచకూడదు. ఐరావతి డెల్టాలోని మ్యాంగ్‌మ్యాలో కరెన్ అనే అల్పసంఖ్యాక జాతి ఊళ్లని తగలబెట్టారు, మనుషుల్ని ఊచకోత కోశారు. బ్రిటిష్‌వాళ్లకి సాయపడ్డాడన్న నేరం మోపి ఒక గ్రామాధికారిని థాటోన్‌లో అందరి ముందూ ఆంగ్ సానే స్వయంగా చంపారు. యుద్ధం తర్వాత ఆ గ్రామాధికారి భార్య గవర్నర్‌కి అర్జీ పెట్టుకుంది. ఆంగ్ సాన్ కాదనలేదు, బాధ్యత నాదేనన్నారు. ఆయన్ని అరెస్టు చేస్తే దేశం మండిపోతుందని పాలకులు వెనక్కి తగ్గారు. ఆమెకి మాత్రం న్యాయం దక్కలేదు. ఆంగ్ సాన్ గురించి గౌరవంగా రాసేవాళ్లు కూడా ఈ పేజీ దాటేయకూడదని నా నమ్మకం.

జపాన్ 1943 ఆగస్టు 1న బర్మాకి 'స్వాతంత్ర్యం' ప్రకటించింది. ఆంగ్ సాన్ యుద్ధమంత్రి అయ్యారు. అది పేరుకే స్వాతంత్ర్యమని ఆయనకి తొందరగానే తెలిసొచ్చింది. రహస్యంగా ఫాసిస్టు వ్యతిరేక కూటమి కట్టి అదను కోసం చూశారు. 1945 మార్చిలో బ్రిటిష్ సేనల్ని ఎదుర్కోవడానికన్నట్టు రంగూన్‌లో కవాతు చేసి బయల్దేరిన ఆయన సైన్యం, 27న తుపాకుల్ని జపాన్ వైపు తిప్పింది. నేపిడాలో ఏటా జరిగే పండుగ ఆ తిరుగుబాటుదే. అప్పట్లో దాన్ని ప్రతిఘటన దినం అనేవారు. పేరు మార్చి సైనిక దినోత్సవం చేసుకున్నారు. ఆక్రమించిన సైన్యం మీద తిరగబడ్డ రోజు అలా సైన్యం సొంత పండుగైంది.

మే నెలలో ఆయన బ్రిటిష్ సేనాపతి స్లిమ్‌ని కలవడానికి మెయిక్‌టిలా వెళ్లారు, అదీ జపాన్ మేజర్ జనరల్ యూనిఫాంలో, నడుముకి కత్తితో. మేం గెలుస్తున్నాం కనుకనే వచ్చావు కదా అని స్లిమ్ నిలదీశాడు. మీరు గెలవకపోతే మీ దగ్గరికొచ్చి ఏం లాభమన్నారు ఆంగ్ సాన్. ఆ నిక్కచ్చితనం స్లిమ్‌కి నచ్చింది.

నా దృష్టిలో ఈ జీవితంలో అసలు మలుపు సెప్టెంబరు 1945లో, శ్రీలంకలోని క్యాండీలో వచ్చింది. ఆంగ్ సాన్ సైన్యంలో కొంత భాగాన్ని కొత్త బర్మా సైన్యంలో కలుపుకోవడానికి మిత్రపక్షాల ఆగ్నేయాసియా సేనాధిపతి మౌంట్‌బాటన్ ఒప్పుకున్నాడు. ఆంగ్ సాన్‌కి బ్రిగేడియర్ హోదా ఇస్తానన్నాడు. అయితే సైనికుడివో, రాజకీయ నాయకుడివో ఏదో ఒకటి ఎంచుకో, రెండూ కుదరదన్నాడు. అప్పటికి ఆంగ్ సాన్ వయసు ముప్పై. కూడగట్టిన సైన్యం ఉంది, వెంట జనం ఉన్నారు. ఆయన యూనిఫాం విప్పారు. మిగిలిపోయిన తన పాత సైనికులతో ప్రజా స్వచ్ఛంద దళం కట్టి, వాళ్లచేత ఊరూరా కవాతు చేయించి బ్రిటిష్‌వాళ్లని బెదరగొట్టిన మాటా నిజమే. కాబట్టి ఆయన తుపాకీని పూర్తిగా పక్కన పెట్టేశారని చెప్పలేం. కానీ దేశాన్ని ఏలాలనుకున్నవాడు సైన్యం లోపల ఉండకూడదన్న గీత మాత్రం గీసుకున్నారు, దాన్ని దాటలేదు.

ఆ తర్వాత అంతా వేగంగా జరిగిపోయింది. 1946 సెప్టెంబరులో పోలీసుల నుంచి తపాలా ఉద్యోగుల దాకా సమ్మెకు దిగి పాలనను స్తంభింపజేశారు. కొత్త గవర్నర్ రాన్స్ ఆయన్ని కార్యనిర్వాహక మండలిలోకి పిలిచాడు. 1947 జనవరిలో చర్చల కోసం లండన్ బయల్దేరి దిల్లీలో ఆగినప్పుడు, పల్చటి నూలు బట్టల్లో ఉన్న ఆయన్ని చూసిన నెహ్రూ ఈ బట్టలతో లండన్ చలికి ఆగలేవని వెచ్చటి దుస్తులు సమకూర్చారు. బర్మాలో ఊరూరా కనిపించే బోజో ఫొటోలో ఆయన ఒంటి మీదున్నది ఆ పొడవాటి ఓవర్‌కోటే. జనవరి 27న బ్రిటిష్ ప్రధాని అట్లీతో ఒప్పందం కుదిరింది.

ఇంకో ఒప్పందం మిగిలింది. బర్మా అంటే ఐరావతి మైదానంలో ఎక్కువమందైన బమర్ జాతి మాత్రమే కాదు. చుట్టూ కొండల్లో షాన్, కచిన్, చిన్, కరెన్ని, ఇంకా ఎన్నో జాతులున్నాయి. వాళ్లని బ్రిటిష్‌వాళ్లు వేరుగా పాలించారు. మీరు మాతో కలవాలని అడగడానికి ఆంగ్ సాన్ షాన్ కొండల్లోని పాంగ్లాంగ్ అనే ఊరికి వెళ్లారు. బర్మాకి ఒక చాట్ వస్తే మీకూ ఒక చాట్ వస్తుందని ఆయన అన్న మాటని ఆ కొండల్లో ఇప్పటికీ గుర్తుచేస్తారు. చాట్ అంటే అక్కడి రూపాయి. 1947 ఫిబ్రవరి 12న 23 మంది సంతకాలు చేశారు. సరిహద్దు ప్రాంతాల అంతరంగిక పాలనలో పూర్తి స్వయంప్రతిపత్తిని సూత్రప్రాయంగా ఒప్పుకుంటున్నామని అందులో రాసుకున్నారు. కరెన్‌లు మాత్రం పరిశీలకులుగా వచ్చి చూసి వెళ్లిపోయారు. మ్యాంగ్‌మ్యా ఊచకోత జరిగి అప్పటికి అయిదేళ్లే.

జూలై 19, శనివారం. రంగూన్ సెక్రటేరియట్, ఎర్ర ఇటుకల పెద్ద భవనం. మంత్రిమండలి సమావేశం జరుగుతోంది. సైనిక దుస్తుల్లో నలుగురు జీపులో వచ్చారు, ఆపినవాళ్లు లేరు. మెట్లెక్కి, తలుపు నెట్టి స్టెన్‌గన్‌లు పేల్చారు. సమయం 10:37. ఆంగ్ సాన్‌కి 32 ఏళ్లు. ఆయనతో కలిపి తొమ్మిదిమంది చనిపోయారు. భారతీయ మూలాలున్న ముస్లిం, విద్యామంత్రి అబ్దుల్ రజాక్, రజాక్ అంగరక్షకుడైన కుర్రాడు, కరెన్ నాయకుడు మాన్ బా ఖైంగ్ వాళ్లలో ఉన్నారు. పాంగ్లాంగ్‌లో సంతకం పెట్టిన మోంగ్‌పాన్ షాన్ ప్రభువు సావో సామ్ టున్ మర్నాడు ఆస్పత్రిలో ప్రాణం విడిచాడు. ఆయన ఆ తొమ్మిదిమందిలో ఒకరు. హంతకుల్ని పంపింది మాజీ ప్రధాని యూ సా. బ్రిటిష్ సైన్యంలోని కొందరు అధికారులు అతనికి ఆయుధాలు అమ్మారని తేలింది. 1948 మేలో అతన్ని ఉరితీశారు. అప్పటికి స్వాతంత్ర్యం వచ్చి నాలుగు నెలలు. జ్యోతిష్కులు పెట్టిన ముహూర్తం ప్రకారం జనవరి 4 తెల్లవారుజామున 4:20కి బ్రిటిష్ జెండా దిగింది.

ఆంగ్ సాన్ పోయాక పూర్తయిన రాజ్యాంగంలో షాన్, కరెన్ని రాష్ట్రాలకి పదేళ్ల తర్వాత విడిపోయే హక్కు రాశారు. పదేళ్లూ అంతర్యుద్ధంతోనే గడిచాయి. స్వయంప్రతిపత్తి మాటేమిటని కొండ ప్రాంతాల నాయకులు అడుగుతూనే ఉన్నారు. సమాఖ్య రాజ్యాంగం గురించి రంగూన్‌లో వాళ్లు చర్చిస్తున్న రోజుల్లోనే, 1962 మార్చి 2న, దేశం ముక్కలవుతోందంటూ సైన్యం అధికారం చేజిక్కించుకుంది. చేసింది నే విన్. పాంగ్లాంగ్‌లో సంతకం పెట్టిన, దేశానికి తొలి అధ్యక్షుడైన సావో ష్వే థైక్‌ని ఆ రాత్రే పట్టుకుపోయారు, ఆయన కొడుకుని ఇంట్లోనే కాల్చి చంపారు. థైక్ ఆ ఏడాదే జైల్లో చనిపోయాడు. తర్వాత జాతీయీకరణ పేరుతో దుకాణాలు లాక్కున్నారు. భారతీయులు కట్టుబట్టలతో ఓడలెక్కారు. విశాఖలోని బర్మా క్యాంపు పేరు వెనకున్నది ఆ చరిత్రే.

నే విన్‌కి బోజో పేరు కావాలి, నోట్ల మీద బోజో బొమ్మ ఉండాలి. 1988లో సూకీ జనం ముందుకొచ్చి నేను ఆయన కూతుర్నని చెప్పాక, ఆ బొమ్మే జనరల్స్‌కి ఇబ్బందైంది. కొత్త నోట్ల మీద నుంచి మెల్లగా మాయమైంది. మళ్లీ వచ్చింది సూకీ ప్రభుత్వంలో, 2020 జనవరిలో.

సూకీ ప్రభుత్వం కూడా ఆ పేరుని బలవంతంగా రుద్దిన సందర్భాలున్నాయి. కరెన్ని రాష్ట్ర రాజధాని లోయికాలో గుర్రం మీదున్న బోజో విగ్రహం పెడతామంటే అక్కడి కుర్రకారు వద్దన్నారు. ముందు ఆయన ఇచ్చిన మాట నెరవేర్చండి, విగ్రహం సంగతి తర్వాత అన్నారు. పోలీసులు వాళ్ల మీద రబ్బరు తూటాలు పేల్చారు. ఆ రోజు 2019 ఫిబ్రవరి 12, పాంగ్లాంగ్ ఒప్పందం జరిగిన రోజు.

రెండేళ్లు తిరక్కుండా, 2021 ఫిబ్రవరి 1న, సైన్యం సూకీని జైల్లో పెట్టి అధికారం లాక్కుంది. వీధుల్లో తూటాలు మొదలయ్యాక యాంగోన్ (అప్పటి రంగూన్), మాండలే విద్యార్థులు వందల సంఖ్యలో కొండదారి పట్టారు. కరెన్, కచిన్, కరెన్ని ఊళ్లలో వాళ్లకి అన్నం పెట్టి, తుపాకీ పట్టడం నేర్పినవాళ్లు, పాంగ్లాంగ్ మాట కోసం డెబ్బై ఏళ్లుగా ఎదురుచూస్తున్న జనమే.