చీర అంచు దగ్గర పోయిన బైట్లు

కోఠిలో చీరల షాపతను పోచంపల్లి ఇక్కత్ చీరని ఫోన్‌తో ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టాడనుకుందాం. అది 12 మెగాపిక్సెళ్ల కెమెరా అయితే ఆ ఫొటోలో అడ్డంగా 4,000, నిలువుగా 3,000 చుక్కలు. మొత్తం కోటీ ఇరవై లక్షలు. ఒక్కో చుక్కకీ ఎరుపు, ఆకుపచ్చ, నీలం చొప్పున మూడు అంకెలు. ఒక్కో అంకెకి ఒక బైటు, అంటే 0 నుంచి 255 దాకా. లెక్క కడితే 36 మెగాబైట్లు. గ్యాలరీలో చూస్తే ఫైలు నాలుగో అయిదో ఎంబీలే ఉంటుంది.

ఆ 36లో సగం ఒక్క దెబ్బకే పోతుంది. వెలుగునీడల తేడాని పట్టుకున్నంత చురుగ్గా మన కన్ను రంగు తేడాని పట్టుకోలేదు. అందుకని ఫొటోని కుదించే జేపెగ్ పద్ధతి మొదట ఆ మూడు అంకెల్ని వెలుగుకి ఒకటి, రంగుకి రెండుగా మార్చుకుంటుంది. వెలుగుని ప్రతి చుక్కకీ ఉంచుతుంది. రంగుని మాత్రం సాధారణంగా నాలుగు చుక్కలకి కలిపి ఒకసారే రాసుకుంటుంది. 36 కాస్తా 18 అయింది.

మనుషుల ఫొటోల్లో ఇది తెలియదు. చీరలో తెలుస్తుంది. ఇక్కత్‌లో నూలుకి ముడులు కట్టి, రంగు అద్ది, ఆ తర్వాతే మగ్గమెక్కిస్తారు. కాబట్టి రంగూ రంగూ కలిసేచోట గీత గీసినట్టుండదు, ఈకలా కొద్దిగా చెదిరి ఉంటుంది. ప్రింటు వేసిన నకిలీలో అదే చోటు కత్తిరించినట్టుంటుంది. అసలేదో నకిలీ ఏదో చెప్పే గుర్తుల్లో అదొకటి. జేపెగ్ మెత్తబరిచేది సరిగ్గా ఆ అంచునే. పంపే యాప్ ఫొటో కొలత కూడా తగ్గించేసరికి రెండు చీరలూ ఒకేలా కనిపిస్తాయి. జానెడు గుడ్డ ఫ్రేము నిండేలా దగ్గరగా ఇంకో ఫొటో తీసి, దాన్ని డాక్యుమెంటుగా పంపితే ఫైలు ఉన్నదున్నట్టు వెళుతుంది.

మిగిలిన 18 తగ్గించే పని కొసైన్లనే గణిత అలలది. బొమ్మని 8×8 గళ్లుగా కోసి, ఒక్కో గడిలోని 64 అంకెల్నీ 64 అలల మోతాదులుగా తిరగరాస్తారు. మొదటిది ఆ గడి సగటు వెలుగు, చివరివి సన్నటి నేతలాంటి వివరాలు. ఈ పద్ధతిని 1974లో నసీర్ అహ్మద్, టి. నటరాజన్, కె.ఆర్. రావు ప్రచురించారు. అంతకు రెండేళ్ల ముందు అహ్మద్ దీనికి నిధులు అడిగితే ఆలోచన మరీ తేలిగ్గా ఉందని ఇవ్వలేదు! ఈ తిరగరాతలో పోయిందేమీ లేదు. పోయేది ఆ తర్వాతి భాగహారంలో. జేపెగ్ ప్రమాణంలో ఉదాహరణగా ఇచ్చిన పట్టికలో మొదటి అంకెని 16తో, చివరిదాన్ని 99తో భాగించి దగ్గరి పూర్ణాంకానికి సరిచేస్తారు. చివర్లో 40 ఉంటే 0.4, అంటే సున్నా. ఆ సున్నా మళ్లీ 40 కాదు. ఫొటోని కత్తిరించి సేవ్ చేసిన ప్రతిసారీ గళ్లు కొత్తచోట పడొచ్చు, కొత్త సున్నాలు పుట్టొచ్చు. కాబట్టి అసలు ఫైలు ముట్టుకోకుండా దాచుకుని, దిద్దుబాట్లన్నీ అయ్యాక ఒక్కసారే జేపెగ్ చేయాలి.

ధ్వనిదీ ఇదే వ్యవహారం. సీడీలో సెకనుకి 44,100 సార్లు కొలత. 20,000 హెర్ట్జ్ దాకా వినే చెవికి దానికి రెట్టింపు కన్నా ఎక్కువ కావాలి మరి. ఒక్కో కొలతకి 16 బిట్లు (రెండు బైట్లు), రెండు చానెళ్లు: నిమిషానికి సుమారు పదిన్నర ఎంబీ. సెకనుకి 128 కిలోబిట్ల ఎంపీ3 దాన్ని పదకొండో వంతు చేస్తుంది.

గోల్కొండలో ఫతే దర్వాజా దగ్గర గైడు కొట్టే చప్పట్లు దీనికి గట్టి పరీక్ష. నిశ్శబ్దంగా ఉన్నప్పుడు ఫోన్ తనంతట తానే మైకు జోరు పెంచుకుని కూర్చుంటుంది. చప్పట్లు పడగానే అంకె 32,767 దగ్గర, అంటే 16 బిట్లలో పట్టే గరిష్ఠం దగ్గర, గోడకి కొట్టుకుంటుంది. అల తల నరికినట్టయి ‘పటుక్’మని పగిలిన శబ్దం వస్తుంది. దాన్ని తర్వాత ఏ సాఫ్ట్‌వేరూ పూర్తిగా బాగుచేయలేదు. జోరు చేత్తో సెట్ చేసే యాప్ వాడి, ముందు ఒకసారి కొట్టించి, శబ్దం శిఖరం మైనస్ 12 డెసిబెళ్ల దగ్గర, అంటే ఆ గరిష్ఠానికి 12 డెసిబెళ్లు కిందే ఆగేలా చూసుకోవాలి. ఇక ఎంపీ3 ఒక్కో విడతలో 1,152 కొలతలు, అంటే 26 మిల్లీసెకన్లు తీసుకుంటుంది. ఇక్కడా జేపెగ్‌లోలాగే జరిగే భాగహారంలో పుట్టిన రొద విడతంతా పరుచుకుని, చప్పట్ల కన్నా ముందే ‘స్స్’ అని వినిపించొచ్చు. మంచి ఎన్‌కోడర్ (ఎంపీ3 తయారుచేసే ప్రోగ్రాం) దాన్ని పసిగట్టి విడతని చిన్న ముక్కలు చేస్తుంది.

వీడియోలో కుదింపు ఇంకా మొరటు. 1920×1080 ఫ్రేము 6.2 ఎంబీ. సెకనుకి 30 చొప్పున నిమిషానికి 11 జీబీ దాటుతుంది. అందుకే ఒక ఫ్రేము పూర్తిగా రాసి, తర్వాతి వాటిలో ఏది ఎటు జరిగిందో మాత్రమే రాస్తారు. ట్యాంక్‌బండ్ మీద ట్రైపాడ్ వేసి తీస్తే బుద్ధుడికి బిట్లు దాదాపు ఖర్చు కావు, అన్నీ హుస్సేన్‌సాగర్ అలలకే. చేత్తో పట్టుకుంటే బుద్ధుడూ కదులుతాడు. నిమజ్జనం రోజు గులాల్, జనం, నీళ్లు కలిసి దేనికీ ఆచూకీ దొరకనివ్వవు. బిట్లు చాలక గళ్లు తేలతాయి. ఆ ఒక్కరోజుకైనా బిట్‌రేటు, అంటే సెకనుకి ఖర్చుపెట్టే బిట్లు, పెంచుకోవాలి.

రాత్రి తీసేవాళ్లకి ఇంకో బెడద. మన కరెంటు 50 హెర్ట్జ్, చాలా దీపాలు సెకనుకి 100 సార్లు మినుకుతాయి. షట్టరు 1/60 సెకను దగ్గరుంటే తెర మీద నల్లటి పట్టీలు పాకొచ్చు. ప్రో మోడ్‌లోకెళ్లి ఫ్రేములు 25, షట్టరు 1/50 పెడితే చాలావరకు ఆగిపోతాయి.