వినేవాళ్ల కోసం ఒక చట్టం

బెంగళూరులో వైట్‌ఫీల్డ్, మారతహళ్లి వైపు అపార్ట్‌మెంట్లలో ఉండే మన తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక సలహా తరచూ కనిపిస్తుంది: "ఇంట్లో సిగ్నల్ రావట్లేదా? ఆన్‌లైన్‌లో బూస్టర్ దొరుకుతుంది, తెప్పించి పెట్టుకోండి." పెట్టుకున్నాక ఫోన్‌లో గీతలు నిండుగా కనిపించే మాట నిజమే. కానీ లైసెన్స్ ఉన్న టెలికాం ఆపరేటర్లు తప్ప ఇంకెవరూ దాన్ని కొనకూడదు, అమ్మకూడదు, బిగించకూడదు. అది చట్టవిరుద్ధం. ఆ మాట చెబితే, "మా ఇంట్లో మేం సిగ్నల్ పెంచుకుంటే గవర్నమెంటుకి ఏం పోయింది?" అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబు ముందు భౌతికశాస్త్రంలో వెతకాలి.

మన 4జీ ఫోన్ గరిష్ఠంగా 0.2 వాట్ల శక్తితో టవర్ వైపు సంకేతం పంపుతుంది. గోడలు, చెట్లు, దూరం అన్నీ దాటుకుని టవర్ చేరేసరికి ఆ శక్తి ఒక వాట్‌లో పది లక్షల కోట్ల వంతుకు పడిపోవచ్చు. అంత సన్నటి సంకేతాన్ని టవర్ పట్టుకోగలుగుతోందంటే, ఆ ఫ్రీక్వెన్సీలో మిగతా రొద అంతకంత తక్కువగా ఉండబట్టే. బూస్టర్‌కు మేడ మీద ఒక యాంటెన్నా, ఇంట్లో ఒకటి ఉంటాయి. మీ ఫోన్ సంకేతంతో పాటు ఆ బ్యాండ్‌లో, అంటే ఆ ఫ్రీక్వెన్సీల వరుసలో దొరికిన రొదనంతా, తన సర్క్యూట్లలో పుట్టే రొదను కూడా కలిపి పెంచి టవర్ మీదికి పంపుతుంది. రెండు యాంటెన్నాల మధ్య ఎడం చాలకపోతే మరీ ప్రమాదం. పెళ్లి పందిట్లో మైకు స్పీకర్ ముందుకు వచ్చినప్పుడు కీచుమంటుంది చూడండి, అలాగే ఒకదాన్నుంచి వెళ్లింది రెండోదానిలోకి తిరిగొచ్చి పెరుగుతూ పోతుంది. ఆ కీచు మన చెవికి అందదు గానీ టవర్‌ను ముంచెత్తుతుంది. ఆ టవర్ పరిధి అంచుల్లో ఉన్నవాళ్ల ఫోన్లు మరింత శక్తి ఖర్చు పెట్టాలి, బ్యాటరీ త్వరగా దిగిపోతుంది, చివరికి కాల్స్ తెగిపోతాయి. తెగిన కాల్ పక్క వీధిలో ఎవరో అంబులెన్స్ కోసం చేసింది కావచ్చు. బూస్టర్ పెట్టుకున్న ఇంటివాళ్లకు ఇదేదీ తెలిసే అవకాశమే లేదు.

అందుకే 1933 నాటి ఇండియన్ వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం, వాడటం మాట అటుంచి, పరికరం దగ్గర ఉంచుకోవడానికే లైసెన్స్ అడిగింది. దాని స్థానంలో తెచ్చిన 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం కొన్ని మినహాయింపులిస్తూనే ఆ సూత్రాన్ని నిలబెట్టింది. స్పెక్ట్రమ్ అనగానే మనకు వేలంపాటలు, కోట్ల లెక్కలే గుర్తొస్తాయి. నా దృష్టిలో ఈ చట్టాల అసలు విలువ వేరే ఉంది. పైకి ప్రసారం చేసేవాళ్లను కట్టడి చేస్తున్నట్టున్నా, ఇవి కాపాడేది వినేవాళ్లను.

ఆ వినేవాళ్లలో అందరికన్నా సున్నితమైన చెవులున్నవాళ్లు ఇదే బెంగళూరులో ఉన్నారు. సదాశివనగర్‌లోని రామన్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ శాస్త్రవేత్తలు తొలి నక్షత్రాలు వెలిగిన కాలపు హైడ్రోజన్ సంకేతం కోసం సారస్ అనే రేడియో టెలిస్కోప్‌తో వెతుకుతున్నారు. హైడ్రోజన్ తరంగం అసలు ఫ్రీక్వెన్సీ 1420 మెగాహెర్ట్జ్. దాని కోసమే 1400–1427 మెగాహెర్ట్జ్ మధ్య ఎవరూ ప్రసారం చేయకూడదని అంతర్జాతీయ రేడియో నిబంధనల్లో ఉంది. చిక్కేమిటంటే, వెయ్యి కోట్ల ఏళ్లకు పైగా ప్రయాణించిన తరంగం విశ్వంతో పాటు తానూ సాగి 200 మెగాహెర్ట్జ్ కిందికి దిగిపోతుంది. మన ఎఫ్ఎం స్టేషన్లుండే 88–108 మెగాహెర్ట్జ్ కూడా అక్కడే. వాటిని మూసేయమనలేం కదా! అందుకే వాళ్లే ఊరు విడిచి వెళ్లారు. సారస్-2ను అప్పటి అనంతపురం జిల్లా చెన్నేకొత్తపల్లి దగ్గరున్న టింబక్టు కలెక్టివ్ అనే స్వచ్ఛంద సంస్థ స్థలంలో పెట్టారు. సారస్-3ను 2020లో కర్ణాటకలోని దండిగానహళ్లి చెరువులో, శరావతి బ్యాక్‌వాటర్స్‌లో నీళ్ల మీద తేలించారు. ఆస్ట్రేలియా ఎడారిలో ఆ సంకేతం దొరికిందని 2018లో అమెరికా బృందం చేసిన ప్రకటనను, ఆ చెరువుల్లో సేకరించిన డేటాతోనే 2022లో 95.3 శాతం నమ్మకంతో తోసిపుచ్చగలిగారు. మన పక్క ఊళ్ల నిశ్శబ్దంలో ఇంత పెద్ద విషయం తేలిందంటే నాకు ఎంతో గర్వంగా ఉంటుంది.

సారస్‌నైతే మోసుకెళ్లొచ్చు. వీధి చివరి టవర్‌ను, విమానాశ్రయంలోని రిసీవర్లను ఎక్కడికీ తరలించలేం.

అలాగని చట్టం అన్నిటికీ లైసెన్స్ అడగదు. 2005లో 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌ను 4 వాట్ల హద్దు పెట్టి అందరికీ వదిలారు. ఇంట్లో వైఫై దాని చలవే. గోడల మధ్య సిగ్నల్ అందనివాళ్లు వైఫై కాలింగ్ ఆన్ చేసుకుంటే చాలావరకు సరిపోతుంది. ఇలాంటి పరికరాలకు కూడా, రేడియో ఫ్రీక్వెన్సీల వ్యవహారాలు చూసే కేంద్ర టెలికాం శాఖలోని డబ్ల్యూపీసీ విభాగం ఇచ్చే ఈటీఏ, అంటే ఆ రకం పరికరానికి ఇచ్చే ఆమోదం ఉండాలి. ఆన్‌లైన్‌లో వాకీటాకీల్లాంటివి అమ్మేవాళ్లు అవి ఏ ఫ్రీక్వెన్సీలో పనిచేస్తాయో, వాటికి ఆమోదం ఉందో లేదో చూపాలని 2025లో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ మార్గదర్శకాలిచ్చింది. ఇది చాలా ముందే జరగాల్సిన పని. కొని బిగించాక అపార్ట్‌మెంట్ల మేడలెక్కి యాంటెన్నాలు వెతకడం కన్నా, అమ్మే చోటే ఆపడం తేలిక.