హైదరాబాద్ ఫుట్‌బాల్ ఎక్కడ ఆగిపోయింది? రహీం సాబ్ కాలం నుంచి ఇప్పటిదాకా

2024 సెప్టెంబర్‌లో గచ్చిబౌలిలో ఇండియా, మారిషస్ మ్యాచ్ 0-0తో ముగిసింది, తర్వాత సిరియా చేతిలో 3-0తో ఓడిపోయాం. అప్పట్నుంచి మన కుర్రాళ్ళలో ఒకటే మాట, మనవాళ్ళకి ఫుట్‌బాల్ రాదు, బాడీ సరిపోదు, తిండి సరిపోదు అని. ఈ మాట వింటే నాకు నిజంగా బాధేస్తుంది, ఎందుకంటే ఇదే హైదరాబాద్ పిల్లలు ఒకప్పుడు ఇండియా టీమ్‌ని మోశారు. అందుకే అసలు ఏం జరిగిందో మొదట్నుంచీ చెప్తా.

సయ్యద్ అబ్దుల్ రహీం స్కూల్ టీచర్. 1943లో హైదరాబాద్ సిటీ పోలీస్ టీమ్ ఆయన చేతికొచ్చింది. 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్ళు బొంబాయిలో రోవర్స్ కప్ ఆ టీమే కొట్టింది, 1950లో డ్యూరాండ్ కప్ కూడా మనదే. అదే ఏడాది నుంచి ఇండియా టీమ్‌కీ ఆయనే కోచ్, 1951లో ఢిల్లీ ఏషియన్ గేమ్స్‌లో ఇరాన్‌ని 1-0తో ఓడించి గోల్డ్ తెచ్చాం.

కానీ బయట ఆట అప్పటికే మారిపోతోంది. 1948 లండన్ ఒలింపిక్స్‌లో మనవాళ్ళు చాలామంది బూట్లు లేకుండానే ఆడి ఫ్రాన్స్‌తో 2-1తో ఓడారు, అదీ రెండు పెనాల్టీలు మిస్ అయ్యి. అందరూ శభాష్ అన్నారు. 1952 హెల్సింకీలో యుగోస్లావియా 10-1తో కొట్టాక ఆ శభాష్‌లు ఆగిపోయాయి, బూట్లు తప్పనిసరి చేశారు. బూట్ల కథ అందరికీ తెలుసు గానీ అసలు తేడా మైదానంలో ఆటగాళ్ళు నిలబడే పద్ధతిలో ఉంది, వెనక ఇద్దరు డిఫెండర్లతో ఆడే పాత పద్ధతి యూరప్ వాళ్ళు ఎప్పుడో వదిలేశారు, మనం ఇంకా దాన్నే పట్టుకుని ఉన్నాం. రహీం సాబ్ గొప్పతనం అంతా ఇక్కడే ఉందని నా నమ్మకం. ఆయన ముగ్గురు డిఫెండర్ల పద్ధతికి మార్చాడు, తర్వాత 4-2-4 (వెనక నలుగురు, మధ్యలో ఇద్దరు, ముందు నలుగురు) తెచ్చాడు, డ్రిబ్లింగే చేయకూడదు అనే రూల్‌తో పిల్లలకి టోర్నమెంట్లు పెట్టి బాల్ అందగానే పాస్ ఇచ్చేయడం అలవాటు చేశాడు.

ఆయన చేతిలో తయారైనవాళ్ళలో తులసీదాస్ బలరాం గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. సికింద్రాబాద్ అమ్ముగూడలో పేదింటి పిల్లాడు. అక్కడ్నుంచి సిటీకి వచ్చి ప్రాక్టీస్ చేయడానికి డబ్బుల్లేవంటే రహీం సాబే రోజుకో రూపాయి ఇచ్చి అద్దె సైకిల్ మీద రమ్మన్నాడని బలరాం తర్వాత ఎన్నోసార్లు గుర్తుచేసుకునేవాడు. ఆ పిల్లాడే 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్ టీమ్‌లో ఉన్నాడు. అక్కడ ఆస్ట్రేలియాని 4-2తో కొట్టాం, నెవిల్ డిసౌజా హ్యాట్రిక్, సెమీస్‌లో అదే యుగోస్లావియా మీద ముందు గోల్ మనదే, చివరికి 4-1తో ఓడాం, మొత్తానికి నాలుగో స్థానం. హంగేరీ రాకపోవడంతో మనకి ఒక రౌండ్ ఆడకుండానే కలిసొచ్చింది, అదీ నిజమే. కానీ 1960 రోమ్‌లో అలాంటి కలిసిరావడాలేం లేవు, అదే హంగేరీతో ఆడి 2-1తోనే ఓడాం, ఆ ఒక్క గోల్ బలరాందే. ఫ్రాన్స్‌తో 1-1 డ్రా. ఇండియా ఫుట్‌బాల్ ఆడిన ఆఖరి ఒలింపిక్స్ అదే.

1962 జకార్తా ఏషియన్ గేమ్స్‌లో గ్రూప్ మ్యాచ్‌లో జపాన్‌ని 2-0తో కొట్టాం. ఫైనల్లో స్టేడియం మొత్తం మనకి ఎదురు, డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకి కుట్లతో ఫార్వర్డ్‌గా దిగి గోల్ కొట్టాడు, పీకే బెనర్జీ ఇంకోటి, కొరియా మీద 2-1తో గోల్డ్. గోల్‌కీపర్ హైదరాబాదీ పీటర్ తంగరాజ్. అప్పటికే రహీం సాబ్‌కి క్యాన్సర్, 1963 జూన్‌లో పోయారు. ఇంచుమించు ఆ టైంలోనే బలరాం ఊపిరితిత్తుల జబ్బుతో 27 ఏళ్ళకే ఆట వదిలేశాడు.

ఇక్కడ్నుంచే దారులు వేరయ్యాయి. మన చేతిలో ఓడిన జపాన్ 1960లోనే జర్మన్ కోచ్ డెట్మార్ క్రామర్‌ని తెచ్చుకుంది, 1965లో నేషనల్ లీగ్ పెట్టింది, 1968 మెక్సికో ఒలింపిక్స్‌లో బ్రాంజ్ కొట్టింది, కమమోటో ఒక్కడే 7 గోల్స్. కొరియా 1983లో ప్రొఫెషనల్ లీగ్ పెట్టి 2002లో వరల్డ్ కప్ సెమీస్ దాకా వెళ్ళింది. మనం మాత్రం ప్రపంచమంతా 90 నిమిషాలు ఆడుతుంటే ఇక్కడ టోర్నమెంట్లలో 70 నిమిషాల మ్యాచులు పెట్టుకుంటూ ఉండిపోయాం, మరి బయటికెళ్తే ఆఖరి 20 నిమిషాలు కాళ్ళెలా ఆడతాయి?

ఇక హైదరాబాద్ సంగతి. మంచి ప్లేయర్ తయారైతే కలకత్తా పెద్ద క్లబ్బులు తీసుకెళ్ళిపోయేవి. 1957లో బలరాం ఈస్ట్ బెంగాల్‌కి వెళ్ళాడు, తంగరాజ్ వెళ్ళాడు, నయీముద్దీన్ వెళ్ళాడు, తర్వాత షబ్బీర్ అలీ, విక్టర్ అమల్‌రాజ్. వాళ్ళ తప్పేం లేదు, ఇక్కడ పోలీస్ ఉద్యోగం తప్ప ఆటగాడికి బతుకుతెరువే లేదు కదా. నయీం కెప్టెన్సీలో 1970 బ్యాంకాక్ ఏషియన్ గేమ్స్‌లో బ్రాంజ్ వచ్చింది, షబ్బీర్ కెప్టెన్‌గా 1974లో ఇరాన్‌తో కలిసి ఏషియన్ యూత్ టైటిల్ పంచుకున్నాం. అంటే రహీం సాబ్ పోయిన పదేళ్ళకి కూడా పిల్లలు వస్తూనే ఉన్నారు, టాలెంట్ ఎండిపోలేదు. మొత్తం ఒక మనిషి మీద, ఒక డిపార్ట్‌మెంట్ టీమ్ మీద నడిచింది, ఆయన పనిని ముందుకు తీసుకెళ్ళే ఏర్పాటు ఎవరూ చేయలేదు, నా బాధంతా అదే.

2019లో వచ్చిన హైదరాబాద్ ఎఫ్‌సీ 2022 మార్చిలో గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ని పెనాల్టీల్లో కొట్టి ఐఎస్‌ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) గెలిచింది, గోల్‌కీపర్ కట్టిమని మూడు పెనాల్టీలు ఆపాడు. మూడేళ్ళు తిరగలేదు, డబ్బుల కష్టాలు ముదిరాయి, 2025లో ఆ క్లబ్ పేరు మార్చుకుని ఢిల్లీకి పోయింది. ఇప్పుడు మన నిజామాబాద్ అమ్మాయి సౌమ్య గుగులోత్ ఇండియాకి ఆడుతోంది, క్రొయేషియాలో డినామో జాగ్రెబ్‌కి కూడా ఆడొచ్చింది, క్లబ్ కోసం తనూ కేరళకీ కోల్‌కతాకీ వెళ్ళాల్సి వచ్చింది. సొంత గడ్డ మీద జీతమిచ్చి ఆడించే టీమ్ 1957లో బలరాంకి దొరకలేదు, ఈ అమ్మాయికీ దొరకలేదు.