పర్లాకిమిడి పిక్క, మొజాంబిక్ పిక్క

ఎండాకాలం వచ్చిందంటే పర్లాకిమిడి చుట్టుపక్కల తోటల నుంచి జీడిపిక్కల బస్తాలు జీడిపప్పు కార్ఖానాలున్న పలాస దారి పడతాయి. ఒడిశా దాటి ఆంధ్రాలోకి వెళ్లడం మా గజపతి జిల్లా తెలుగువాళ్లకు కొత్తేమీ కాదు. అదే పలాసకు ఆఫ్రికా నుంచి ఓడల్లో వచ్చిన పిక్కలు కూడా చేరతాయి. బయటి పిక్క దిగితే మన రేటు పడిపోతుందని రైతుల టెన్షన్. అది న్యాయమైనదే. కానీ ఆ పిక్క ఇంత దూరం ఎందుకొచ్చిందో తెలిస్తే అవతలి రైతు మీద కోపం రాదు.

1970ల మొదట్లో జీడి పంటలో ప్రపంచంలోనే ముందున్న దేశం మొజాంబిక్. పిక్క కొట్టి పప్పు తీసే కార్ఖానాలూ అక్కడే ఉండేవి. 1975లో స్వాతంత్ర్యం వచ్చింది, రెండేళ్లకే అంతర్యుద్ధం. అది 1992లో ముగిసేసరికి దేశం అప్పుల్లో మునిగింది. పచ్చి పిక్క ఎగుమతి మీద సుంకం తగ్గించాలని, అప్పుడే రైతుకు మంచి ధర వస్తుందని ప్రపంచ బ్యాంకు షరతు పెట్టింది. సుంకం తగ్గింది, పిక్కలు ఇండియాకు వచ్చాయి. అక్కడి కార్ఖానాలు మూతపడి వేల మందికి పని పోయింది. వాళ్లలో ఆడవాళ్లూ చాలామంది. రైతుకు దక్కిందీ పెద్దగా లేదు.

పేద దేశాలు ఒకరి కూడు ఒకరు లాక్కోకుండా కలిసి బతకాలన్న ఆలోచన పాతదే. 1947లో గంజాం మూలాలున్న బిజు పట్నాయక్, ఇండోనేషియాను వదలని పాత పాలకులు డచ్చివాళ్ల కళ్లుగప్పి, సొంతంగా విమానం నడిపి ఇండోనేషియా నాయకుడు షహ్రీర్‌ను మన దేశానికి తీసుకొచ్చారు. ఆ ధైర్యం తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. ఎనిమిదేళ్ల తర్వాత అదే ఇండోనేషియాలో, బాండుంగ్‌లో, 29 ఆసియా, ఆఫ్రికా దేశాలు సమావేశమయ్యాయి. 1964లో 77 దేశాలు కలిసి జి-77గా ఏర్పడ్డాయి. తమ సరుకులకు న్యాయమైన ధర కావాలన్న వాటి డిమాండుకు 1974లో ఐక్యరాజ్యసమితి తీర్మానం కూడా తోడైంది.

ఆ ఐక్యతను దెబ్బతీసింది అప్పే. 1982లో మెక్సికో అప్పు తీర్చలేనని చేతులెత్తేసిన తర్వాత ఒక్కో దేశం ఒంటరిగా అప్పులవాళ్ల ముందు నిలబడాల్సి వచ్చింది. టాంజానియా నేత నైరేరే అధ్యక్షుడిగా ఉన్న సౌత్ కమిషన్, పేద దేశాలు తమలో తాము వ్యాపారం పెంచుకోవాలని 1990లో నివేదిక ఇచ్చింది. ఆ కమిషన్‌కు సెక్రటరీ జనరల్ మన్మోహన్ సింగ్. మరుసటి ఏడాది ఆర్థికమంత్రిగా ఆయనే మన మార్కెట్లను బయటి దేశాలకు తెరవాల్సి వచ్చింది.

ఇరుగుపొరుగుతో కలిసి నడుద్దామని 1985లో పెట్టుకున్న దక్షిణాసియా దేశాల కూటమి సార్క్ సంగతి చెప్పడానికి ఎక్కువ లేదు. 2014 కాఠ్మాండూ తర్వాత శిఖరాగ్ర సమావేశమే జరగలేదు.

మొజాంబిక్ పార్లమెంటు తర్వాత పట్టుబట్టి ఆ సుంకాన్ని మళ్లీ పెంచింది. పిక్క తమ దగ్గరే కొట్టించుకోవాలని ఇప్పుడు పశ్చిమాఫ్రికా దేశాలూ చూస్తున్నాయి. అది వాళ్ల హక్కు. రేపు ఆ పిక్క రాకపోతే పలాసలో కూలికి కూర్చునే ఆడవాళ్ల చేతులు ఖాళీ అవుతాయి. ఎవరు ఎంత పిక్క కొట్టాలి, ఇక్కడి రైతుకూ అక్కడి రైతుకూ ఎంత ధర ఇవ్వాలి అన్నది ఆ దేశాలతో మనం నేరుగా, ఇప్పుడే మాట్లాడుకోవాలి.