ఒకే నీలం రంగుకు అన్ని కోట్లా?

2013 మేలో న్యూయార్క్‌లో జరిగిన వేలంలో బార్నెట్ న్యూమన్ పెయింటింగ్ ఒకటి 4 కోట్ల 38 లక్షల డాలర్లకు అమ్ముడుపోయింది. నీలం కాన్వాస్, మధ్యలో నిలువుగా ఒక లేత గీత, అంతే. "ఇది మా పిల్లాడూ వేస్తాడు, దీనికి అంత డబ్బా?" అని చాలామంది అడుగుతుంటారు. ధర సంగతి తర్వాత చూద్దాం. ముందు ఇలాంటి బొమ్మలో చూడాల్సింది ఏమైనా ఉందా అన్నది తేలాలి, దానికి ఫ్రెంచ్ చిత్రకారుడు ఈవ్ క్లెయిన్‌ని మించిన ఉదాహరణ లేదు.

క్లెయిన్ కాన్వాస్ మొత్తం ఒకే నీలంతో నింపేసేవాడు. ఆ రంగు పేరు అల్ట్రామెరైన్. ఒకప్పుడు అఫ్ఘనిస్తాన్‌లో దొరికే రాయిని నూరి తీసేవారు, 1820ల చివర్లో కృత్రిమంగా చేయడం వచ్చాక చవకైపోయింది. తెల్లబట్టలకు పెట్టే పాతకాలం నీలిమందు పొడి కూడా ఇదే. అల్యూమినియం, సిలికాన్, ఆక్సిజన్ కలిసి కట్టిన పంజరాల్లో మూడేసి గంధకం పరమాణువులు ఇరుక్కుని ఉంటాయి, అవి 600 నానోమీటర్ల దగ్గరి నారింజ కాంతిని మింగేస్తాయి కాబట్టి మనకి నీలం కనిపిస్తుంది.

పొడిగా ఉన్నప్పుడు వెలిగిపోయే ఈ రంగు నూనెలో కలపగానే నల్లబడిపోతుంది, క్లెయిన్‌ని వేధించింది ఇదే. చిటికెడు నీలిమందు మీద నూనె చుక్క వేస్తే మీకే తెలుస్తుంది. పొడి వక్రీభవన గుణకం, అంటే కాంతిని ఎంత వంచుతుందో చెప్పే అంకె, సుమారు 1.5, గాలిది 1. ఈ తేడా వల్ల రేణువు మీద నిటారుగా పడిన కాంతిలో నూటికి 4 వంతులు వెనక్కి వస్తాయి, మిగతాది లోపలికి పోయినా రేణువు రేణువు దగ్గరా వంగి, చెదిరి, ఎక్కువ లోతుకి వెళ్లకముందే నీలంగా బయటపడుతుంది. అవిసె నూనె గుణకం 1.48. గాలి ఉన్న చోట నూనె నిండితే వెనక్కి వచ్చే ఆ 4 శాతం కాస్తా లక్షకు 5 వంతులు కూడా ఉండదు, కాంతి చెదరకుండా లోతుకి పోయి అక్కడే ఇంకిపోతుంది. బడిలో గ్లాసు నీళ్లలో పెన్సిల్ వంకరగా కనిపించడం చూపించి వక్రీభవనం అయిపోయిందంటారు గానీ, తడిస్తే రంగు ఎందుకు ముదురుతుందో కూడా ఆ పాఠమే చెప్పాలి.

పారిస్‌లో రంగులమ్మే ఎడువార్ ఆడమ్ సాయంతో క్లెయిన్ రోడోపాస్ అనే రెజిన్, అంటే జిగురులాంటి పదార్థం, పట్టాడు. దాన్ని ఆల్కహాల్ లాంటి ద్రావకాల్లో పల్చగా కరిగించి పొడి కలిపితే, ద్రావకం ఎగిరిపోయాక రేణువులు అంటుకునే ఉంటాయి, మధ్యలో గాలీ మిగులుతుంది. 1960లో ఈ పద్ధతిని ఫ్రాన్స్‌లో నమోదు చేయించాడు. అది పేటెంట్ అని చాలాచోట్ల రాస్తారు, కాదు. ఫోన్ తెరమీద ఈ నీలం రాదు, ఎదురుగా నిలబడి చూడాల్సిందే.

కాబట్టి క్లెయిన్ నీలానికి దక్కే పొగడ్త న్యాయమైనదే అంటాను. ధర మాత్రం రంగుది కాదు. క్లెయిన్ 1962లో 34 ఏళ్లకే చనిపోయాడు, కొత్తవి రావు, ఉన్నవాటికోసం ఇద్దరు ధనవంతులు పట్టుబడితే పాట ఎంతవరకైనా పోతుంది, ఆ అంకెను కళకి కొలతగా నేను ఒప్పుకోను. "పిల్లాడూ వేస్తాడు" అన్న మాటనీ ఒప్పుకోను. ఈ కాన్వాస్‌ని వేలితో తాకితే చర్మం మీది జిడ్డు రేణువుల మధ్య గాలి ఉన్న చోటుని నింపేస్తుంది, అక్కడ ముదురు మచ్చ పడుతుంది, పైన మళ్లీ రంగు వేసినా అతుకు తెలిసిపోతుంది. అందుకే మ్యూజియంలు వీటిని ఎవరి చెయ్యీ తగలకుండా కాపాడుకుంటాయి.